వాడని హాలిడే మెంబర్‌షిప్ వదిలించుకోవడం ఎలా: హైదరాబాద్ వాళ్ళ కోసం

మాల్‌లో కూపన్ మీద నంబర్ రాయించుకుని, రెండ్రోజులకి "సార్ మీకు లక్కీ డ్రా తగిలింది, మేడమ్‌ని కూడా తప్పకుండా తీసుకురండి" అని ఫోన్ చేసి, ఏదో హోటల్ హాల్లో గంటల తరబడి కూర్చోబెట్టి అంటగట్టిన హాలిడే మెంబర్‌షిప్‌లు మన సిటీలో చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. అంటే ముందే పెద్ద మొత్తం కట్టి, ఏటా కొన్ని రాత్రులు వాళ్ళ రిసార్టుల్లో ఉండే హక్కు కొనుక్కోవడం. కూకట్‌పల్లి నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో అడిగినా ఇద్దరు ముగ్గురు చేతులెత్తుతారు. బీరువాలో ఫైల్ ఉంటుంది, ఏటా మెయింటెనెన్స్ బిల్లు వస్తుంది, పిల్లల సెలవులకి రూమ్ అడిగితే మాత్రం ఫుల్ అంటారు. నిజంగా బాగా వాడుకునేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ జోలికి నేను పోవట్లేదు. వాడకం లేదు, ఇంక వద్దు అనుకున్నవాళ్ళు ఏం చేయాలో వరసగా చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో జనం డబ్బు రెండోసారి కూడా పోగొట్టుకోవడం చూస్తున్నా, అది ఆపొచ్చు.

అన్నిటికంటే ముందు, ఒక చిన్న లెక్క

అందరూ "మూడు లక్షలు పెట్టాం, కనీసం రెండైనా రావాలి కదా" అని మొదలుపెడతారు. ఆ ఆలోచన దగ్గరే ఏళ్ళు గడిచిపోతాయి. కట్టేసిన డబ్బు లెక్క పక్కన పెట్టి, ఇకముందు కట్టబోయేది లెక్కేయండి. ఉదాహరణకి 25 ఏళ్ళ మెంబర్‌షిప్, 10 ఏళ్ళు అయిపోయాయి, ఏడాది ఫీజు 20,000 అనుకుందాం, దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే 23,600. మిగిలిన 15 ఏళ్ళకి 3,54,000, అదీ ఫీజు ఒక్క రూపాయి కూడా పెరగకపోతే. మామూలుగా పెరుగుతూనే ఉంటుంది.

ఏటా 7 రాత్రులు వాడుకుంటే రాత్రికి 3,371 పడుతుంది, కూర్గ్‌లోనో మున్నార్‌లోనో అలాంటి రూమ్ బయట ఎంతుందో చూసుకుని, మీరు నిజంగా వెళ్తారనుకుంటే ఉంచేసుకోండి. మూడేళ్ళుగా ఒక్కసారి కూడా వెళ్ళలేదంటే మాత్రం, దీన్ని ఊరికే ఎవరికైనా ఇచ్చేసినా మీకు లాభమే. నేను ఎవరికి చెప్పినా ముందు చెప్పేది ఇదే. ఈ లెక్క మనసుకి ఎక్కితేనే కింద స్టెప్పుల్లో సరైన నిర్ణయం తీసుకోగలరు.

కాగితాలు బయటికి తీయండి

అప్లికేషన్ ఫామ్, అగ్రిమెంట్, రూల్స్ బుక్, కట్టిన రసీదులు, కార్డ్ స్టేట్‌మెంట్లు, ఈఎమ్ఐ కాగితాలు, సేల్స్ అతను పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, ఫ్రీ గిఫ్ట్ వోచర్, అన్నీ. చేత్తో రాసిచ్చిన చీటీ ఉన్నా పారేయొద్దు, "ఏ సీజన్‌లో అయినా రూమ్ గ్యారంటీ" అని పెన్నుతో రాసిచ్చిన కాగితమే తర్వాత కేసులో మీ బలం అవ్వొచ్చు.

అగ్రిమెంట్‌లో వెతకాల్సినవి కొన్ని ఉన్నాయి. మీకు ఇచ్చింది వాడుకునే హక్కు మాత్రమేనా లేక ఆస్తిలో వాటానా అనేది మొదటిది, మన దేశంలో దాదాపు అన్నీ వాడుకునే హక్కు రకమే, కాబట్టి ఇది స్థిరాస్తి అని ఎవరైనా అంటే నమ్మొద్దు. తర్వాత క్యాన్సిలేషన్ క్లాజ్. చాలా అగ్రిమెంట్లలో మీరు కట్టిన మొత్తాన్ని రెండు ముక్కలు చేసి ఉంటారు, అడ్మిషన్ ఫీజు ఒకటి, ఎంటైటిల్‌మెంట్ ఫీజు ఒకటి. అడ్మిషన్ ఫీజు తిరిగి రాదు అని రాసి ఉంటుంది, సాధారణంగా అదే పెద్ద ముక్క. ఎంటైటిల్‌మెంట్ ఫీజులో మిగిలిన సంవత్సరాలకి తగ్గట్టు కొంత వెనక్కి రావచ్చు. ఆ శాతాలు మీ దాంట్లో ఎంతో రాసుకోండి. ట్రాన్స్‌ఫర్ క్లాజ్, ట్రాన్స్‌ఫర్ ఫీజు, ఏడాది ఫీజు కట్టకపోతే ఏం చేస్తారు, గొడవ వస్తే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) ఎక్కడ అన్నారు, ఇవి కూడా.

కొని పది రోజులు కూడా కాలేదా?

అయితే మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ఇప్పుడే మెయిల్ కొట్టండి. పేరున్న కంపెనీల అగ్రిమెంట్లలో కూలింగ్ ఆఫ్ పీరియడ్ ఉంటుంది, మామూలుగా 10 రోజులు, ఆ లోపల రాతపూర్వకంగా వద్దంటే కట్టింది వెనక్కి ఇవ్వాలి. రోజులు ఏ తారీఖు నుంచి లెక్కో అగ్రిమెంట్ చూడండి. రిజిస్టర్ చేసిన మెయిల్ ఐడీ నుంచే పంపండి, మెంబర్‌షిప్ నంబర్, కట్టిన మొత్తం, తారీఖు, "కూలింగ్ ఆఫ్ పీరియడ్‌లో క్యాన్సిల్ చేసుకుంటున్నాను, పూర్తి మొత్తం తిరిగి ఇవ్వండి" అని రెండు లైన్లు చాలు. అదే కాగితం స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపి రసీదు దాచుకోండి. మీకు అమ్మిన సేల్స్ అతను "సార్ నేను చూసుకుంటా, మెయిల్ అక్కర్లేదు, సోమవారం మేనేజర్‌తో మాట్లాడిస్తా" అంటాడు. ఆ సోమవారానికి పది రోజులు దాటిపోతాయి. ఫోన్‌లో చెప్పింది ఏదీ లెక్కలోకి రాదు.

ఈఎమ్ఐ మీద తీసుకుంటే బ్యాంకుకి గానీ లోన్ ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీకి గానీ కూడా అదే రోజు మెయిల్ పెట్టండి, మెంబర్‌షిప్ రద్దయినంత మాత్రాన లోన్ దానంతటదే రద్దు అవ్వదు.

కంపెనీనే అడగడం

పది రోజులు దాటినవాళ్ళు బయట బయ్యర్‌ని వెతికే ముందు కంపెనీకే రాయండి. "నాకు స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్ ఇవ్వండి, ఇవ్వాళ సరెండర్ చేస్తే నాకు వచ్చేది ఎంత, నేను కట్టాల్సింది ఎంత, ట్రాన్స్‌ఫర్ చేస్తే ఫీజు ఎంత, ఏ డాక్యుమెంట్లు కావాలి" అని. జవాబు రాతలో రావాలి. ఫోన్ చేస్తే "మెయిల్‌లోనే పంపండి" అని పెట్టేయండి.

ఇక్కడ ఒక పాయింట్ జాగ్రత్త. క్యాన్సిల్ అనే మాట వినగానే మిమ్మల్ని ఆపడానికి ఒక టీమ్ ఫోన్ చేస్తుంది. ఫ్రీ హాలిడే ఇస్తాం, సీజన్ అప్‌గ్రేడ్ చేస్తాం, ఇంకో లక్ష కడితే మీ ప్రాబ్లమ్ మొత్తం సాల్వ్ అంటారు. క్లబ్ మహీంద్రా లాంటి వాటిలో పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని సీజన్లకి రంగులు ఉంటాయి, కింది రంగు వాళ్ళకి సెలవుల రోజుల్లో రూమ్ దొరకదు, కాబట్టి పైకి మారమనడం వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మీరు అసలు ట్రిప్పులే వెళ్ళనప్పుడు రంగు మారి ఏం లాభం? బయటికి పోవాలనుకున్నవాళ్ళు కొత్తగా ఒక్క రూపాయి కూడా లోపలికి పెట్టకూడదు.

ఏడాది ఫీజు బకాయిలు బాగా పేరుకుపోయి ఉంటే, "మెంబర్‌షిప్ సరెండర్ చేస్తాను, రీఫండ్ అడగను, మీరు బకాయి మాఫీ చేసి క్లోజర్ లెటర్ ఇవ్వండి" అని అడిగి చూడండి. ఒప్పుకోవాలని రూల్ ఏం లేదు, కానీ అడిగితే పోయేదేం లేదు, ఒప్పుకుంటే అది చాలా మంచి డీల్.

చాలామంది అడిగేది, ఫీజు కట్టడం ఆపేస్తే ఏమవుతుంది అని. రూమ్ బుకింగ్ ఆగిపోతుంది, వడ్డీ పడుతుంది, కొన్నాళ్ళకి అగ్రిమెంట్ ప్రకారం వాళ్ళే సస్పెండ్ చేయడమో రద్దు చేయడమో జరగొచ్చు. ఈఎమ్ఐ మాత్రం వేరే సంగతి. అది అప్పు, ఆపితే సిబిల్ స్కోర్ దెబ్బతింటుంది. ఆటో డెబిట్ బౌన్స్ అయినా చెక్ బౌన్స్ లాగే కేసు పెట్టే వీలు పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ యాక్ట్ 2007లో సెక్షన్ 25 కింద ఉంది. కాబట్టి కోపంతో అకౌంట్ ఖాళీ చేసి కూర్చోవడం పనికిరాదు.

ఇంట్లోవాళ్ళ పేరు మీదకి

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు ఎవరైనా బాగా తిరిగేవాళ్ళు ఉంటే వాళ్ళకి ట్రాన్స్‌ఫర్ చేయడం అన్నిటికంటే తేలిక. కుటుంబంలో అయితే ట్రాన్స్‌ఫర్ ఫీజు తగ్గించే కంపెనీలు ఉన్నాయి, అడగండి. కాకపోతే ఇచ్చేముందు ఏటా ఎంత కట్టాలో తీసుకునేవాళ్ళకి పూర్తిగా చెప్పండి, పెళ్ళైన కూతురికి గిఫ్ట్ అని ఇచ్చేసి అల్లుడి నెత్తిన ఏడాది బిల్లు పెట్టడం బాగోదు. మెంబర్ చనిపోయి ఉంటే డెత్ సర్టిఫికెట్, నామినీ వివరాలు, కొన్నిసార్లు లీగల్ హెయిర్ సర్టిఫికెట్ అడుగుతారు. వారసులకి వద్దనుకుంటే పేరు మార్పించుకోకుండానే "మాకు ఇది అక్కర్లేదు, క్లోజ్ చేయండి" అని రాయండి, ఒకసారి మీ పేరు మీదకి మార్చుకుంటే ఫీజు బాధ్యత కూడా మీదే అవుతుంది.

బయట అమ్మడం

ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్‌లో మెంబర్ల గ్రూపులు, ఆఫీస్ గ్రూపులు, అపార్ట్‌మెంట్ గ్రూపులు, ఇవే మార్కెట్. వీటిలో ఆఫీస్, అపార్ట్‌మెంట్ గ్రూపులే నాకు నచ్చుతాయి, మనిషి తెలిసిన మనిషి అయి ఉంటాడు. మా బంధువుల్లో ఒకరిది అలాగే పోయింది, హైటెక్ సిటీలో పనిచేసే కొలీగ్ తీసుకున్నాడు, చిన్న పిల్లలున్న ఫ్యామిలీ, ఏటా ట్రిప్ కొట్టే అలవాటు ఉంది, కొత్తది కొనేకంటే చాలా తక్కువకి వచ్చింది కాబట్టి ఇద్దరికీ బాగుంది.

రేటు దగ్గర నిజం మాట్లాడుకుందాం, మీరు కొన్న రేటు దరిదాపుల్లోకి కూడా రాదు. మీ రేటులో సేల్స్ టీమ్ కమీషన్లు, హోటల్ హాలు ఖర్చు, గిఫ్టులు అన్నీ కలిసి ఉన్నాయి, సెకండ్ హ్యాండ్ కొనేవాడు అవి ఎందుకు కడతాడు. అదే కంపెనీ, అదే సీజన్, అదే సైజు రూమ్ ఉన్నవి ఎంతకి పెట్టారో చూసి, అందులో చాలాకాలంగా అమ్ముడుపోకుండా ఉన్నవి వదిలేసి, మిగతా వాటికంటే కాస్త తక్కువ పెట్టండి. ఊరికే ఇచ్చినా లాభమే అని పైన వేసిన లెక్క ఇక్కడ గుర్తుంచుకోండి.

యాడ్ రాసేటప్పుడు "అర్జంట్ సేల్, బెస్ట్ ఆఫర్" అని కాకుండా కొనేవాడికి కావాల్సినవి రాయండి: "25 ఏళ్ళ మెంబర్‌షిప్, ఇంకా 14 ఏళ్ళు ఉంది, రెడ్ సీజన్, 1 బెడ్‌రూమ్, ఏటా 7 రాత్రులు, వాడనివి 12 రాత్రులు మిగిలాయి, ఈ ఏడాది ఫీజు కట్టేశాం, బకాయి లేదు, లోన్ లేదు, ట్రాన్స్‌ఫర్ ఫీజు సగం సగం." మిగిలిన రాత్రులు కొత్త మెంబర్‌కి వెళ్తాయా లేదా అని కంపెనీని ముందే అడిగి రాసుకోండి, వెళ్తాయంటే మీ యాడ్‌లో అన్నిటికంటే బలమైన లైన్ అదే. ఎండాకాలం సెలవులకి, దసరా సెలవులకి రెండు మూడు నెలల ముందు పెట్టండి, జనం ట్రిప్పులు ప్లాన్ చేసుకునేది అప్పుడే.

బయ్యర్ దొరికాక వరస ఇలా ఉండాలి. బకాయిలు కట్టి కంపెనీ నుంచి నో డ్యూస్ మెయిల్ తెప్పించుకోండి. లోన్ ఉంటే అది క్లోజ్ అవ్వాలి, లోన్ ఇచ్చినవాళ్ళ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే లెటర్) రావాలి. తర్వాత కంపెనీ ఇచ్చే ట్రాన్స్‌ఫర్ ఫామ్ మీద ఇద్దరి సంతకాలు, ఇద్దరి ఆధార్, పాన్ కాపీలు, కంపెనీ అడిగితే నోటరీ అఫిడవిట్. ట్రాన్స్‌ఫర్ ఫీజు నేరుగా కంపెనీ అకౌంట్‌కే. బయ్యర్ నుంచి కొంత అడ్వాన్స్ ఫామ్ సబ్మిట్ చేసేటప్పుడు, మిగతాది ట్రాన్స్‌ఫర్ అయినట్టు కంపెనీ మెయిల్ వచ్చిన రోజు, రెండూ బ్యాంక్ ట్రాన్స్‌ఫర్‌లోనే. ఇద్దరూ ఒక కాగితం మీద ఈ మాటలు రాసుకుని సంతకాలు పెట్టుకుంటే తర్వాత గొడవ ఉండదు. మీ మెంబర్ లాగిన్ పాస్‌వర్డ్ మాత్రం ట్రాన్స్‌ఫర్ పూర్తయ్యేదాకా ఎవరికీ ఇవ్వొద్దు, ఇచ్చారంటే మిగిలిన రాత్రులన్నీ వాడేసుకుని మాయమైపోవచ్చు.

ఓఎల్ఎక్స్‌లో "నేను ఆర్మీలో ఉన్నా, క్యూఆర్ పంపిస్తా, స్కాన్ చేయండి డబ్బులు వస్తాయి" అనేవాళ్ళు తగులుతారు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పిన్ అడిగిందంటే డబ్బు మీ అకౌంట్ నుంచి పోతోందన్నమాట.

"మీ మెంబర్‌షిప్ మేము కొంటాం" అనే ఫోన్

ఇది కొంచెం వివరంగా రాస్తున్నా, అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది కాబట్టి. యాడ్ పెట్టిన వారానికో, పెట్టకపోయినా సరే, ఒక ఫోన్ వస్తుంది. మీ పేరు, మెంబర్‌షిప్ నంబర్, ఎంత కట్టారు, ఏ సంవత్సరం, అన్నీ కరెక్ట్‌గా చెప్తారు. బయ్యర్ రెడీగా ఉన్నాడు, మీకు నాలుగు లక్షలు వస్తాయి అంటారు. మూడు లక్షలకి కొన్నది నాలుగు లక్షలకి పోతుందంటే ఆశ పుడుతుంది, ఎవరికైనా పుడుతుంది. తర్వాత "ఎన్ఓసీ ఛార్జ్ 15,000 కట్టండి, రీఫండబుల్" అంటారు. కట్టాక జీఎస్టీ అంటారు, అది కట్టాక రిజర్వ్ బ్యాంక్ క్లియరెన్స్ అంటారు, స్టాంపులతో లెటర్లు కూడా వాట్సాప్ చేస్తారు. మీరు ఆపేదాకా ఏదో ఒక పేరుతో అడుగుతూనే ఉంటారు.

గుర్తుపట్టడం ఈజీ. మీ వస్తువు కొనేవాడు మీకు డబ్బివ్వాలి, మీరు వాడికి ఇవ్వడం ఉండదు. అమ్మిపెడతాం అని ముందుగా ఏ పేరుతో డబ్బు అడిగినా ఫోన్ పెట్టేయండి. హాలిడే మెంబర్‌షిప్ అమ్మకానికి రిజర్వ్ బ్యాంక్ క్లియరెన్స్ అనేది లేనే లేదు. ఇంకో రకం ఏంటంటే, వేరే క్లబ్ వాళ్ళు "మీ పాత మెంబర్‌షిప్ మేము తీసేసుకుంటాం, తేడా కడితే మాది ఇస్తాం" అంటారు. తీరా కట్టాక పాతది మీ పేరు మీదే ఉంటుంది, కొత్తది ఇంకోటి మెడకి పడుతుంది.

ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి ఇంట్లో దాచొద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టండి, మీ బ్యాంకుకి చెప్పండి. ఎంత తొందరగా చెప్తే డబ్బు అవతలి అకౌంట్‌లో ఆపే ఛాన్స్ అంత ఎక్కువ. అమ్మానాన్నల పేరు మీద మెంబర్‌షిప్ ఉంటే ఈ ఒక్క విషయం ఇవ్వాళే వాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి, రిటైరైన వాళ్ళకే ఈ ఫోన్లు ఎక్కువ వస్తున్నాయి.

అమ్ముడుపోయేదాకా

ఫీజు ఎలాగూ కట్టేసిన ఏడాది రాత్రులు వేస్ట్ చేయకండి. చాలా మెంబర్‌షిప్‌లలో గెస్ట్ పేరు మీద బుక్ చేసి చుట్టాలని పంపొచ్చు, కొంత గెస్ట్ ఛార్జ్ ఉండొచ్చు. ఆర్‌సీఐ లాంటి ఎక్స్ఛేంజ్‌కి (మెంబర్లు తమ వారాలు మార్చుకునే సంస్థ) లింక్ అయి ఉంటే మీ వారం అక్కడ వేసి వేరే ఊళ్ళో తీసుకోవచ్చు. డబ్బులకి అద్దెకివ్వడం మాత్రం చాలా అగ్రిమెంట్లలో నిషేధం, చూసుకుని చేయండి.

మోసం చేసి అమ్మారు అనిపిస్తే

చెప్పిన గిఫ్ట్ ఇవ్వలేదు, ఎప్పుడడిగినా రూమ్ ఇవ్వలేదు, రాసిచ్చిన మాట తప్పారు, ఇలాంటివి ఉంటే కన్స్యూమర్ కేసు వేయొచ్చు, ఇలాంటి కేసుల్లో రీఫండ్ ఆర్డర్లు వచ్చాయి కూడా. ఒకటి మాత్రం దాచకుండా చెప్తా, పదేళ్ళు హాయిగా తిరిగి ఇప్పుడు మొత్తం డబ్బు వెనక్కి కావాలంటే కేసు నిలబడటం కష్టం. కొని ఎక్కువ కాలం కానివాళ్ళు, సర్వీస్ అసలు అందనివాళ్ళు, చేతిలో రాత ఉన్నవాళ్ళు, వీళ్ళకే బలం.

రూమ్ దొరకట్లేదు అనేది మీ కంప్లైంట్ అయితే ఇప్పటినుంచే సాక్ష్యం పోగేయండి. బుకింగ్ ప్రయత్నించిన ప్రతిసారీ తారీఖుతో స్క్రీన్‌షాట్, దొరకలేదని వాళ్ళు పంపిన మెయిల్. నోటి మాటగా "ఎప్పుడూ ఇవ్వరండి" అంటే కన్స్యూమర్ కమిషన్‌లో నడవదు.

ముందు కంపెనీకి రాతలో కంప్లైంట్, 15 రోజులు టైమ్ ఇవ్వండి. జవాబు రాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915, ఇది ఫ్రీ, చాలా కంపెనీలు ఇక్కడే దిగొస్తాయి. కంపెనీ ఆల్ ఇండియా రిసార్ట్ డెవలప్‌మెంట్ అసోసియేషన్‌లో మెంబర్ అయితే వాళ్ళకీ ఒక కాపీ పంపండి. అప్పటికీ కాకపోతే లీగల్ నోటీస్, ఆపైన జిల్లా కన్స్యూమర్ కమిషన్. 2019 కన్స్యూమర్ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసు చెన్నైలోనో ముంబైలోనో ఉన్నా మీరు అక్కడికి పోనక్కర్లేదు. 50 లక్షల దాకా కట్టిన కేసులు జిల్లా కమిషన్‌కే వస్తాయి. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షలైతే 200 రూపాయలు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో ఫైల్ చేయొచ్చు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ క్లాజ్ ఉంది కాబట్టి మీరు కన్స్యూమర్ కేసు వేయలేరు అని భయపెడతారు, అది చెల్లదు, ఆ క్లాజ్ ఉన్నా కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళొచ్చని సుప్రీంకోర్టు 2018లో ఎమార్ ఎంజీఎఫ్ కేసులో తేల్చేసింది.

టైమ్ మాత్రం రెండేళ్ళే, గొడవకి కారణం పుట్టిన రోజు నుంచి. తగిన కారణం ఉంటే ఆలస్యం మన్నించమని అడగొచ్చు కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడ టైమ్‌షేర్ (ఇలాంటి మెంబర్‌షిప్‌కే అక్కడి పేరు) కొని ఉంటే ఈ రూల్స్ వాళ్ళకి పనికిరావు. అక్కడ చాలావాటిలో డీడ్ (ఆస్తి పత్రం) ఉంటుంది, క్యాన్సిల్ చేసుకునే గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ఫ్లోరిడాలో 10 రోజులు, నెవాడాలో 5. గడువు దాటితే ముందు డెవలపర్‌నే ఎగ్జిట్ ప్రోగ్రామ్ ఉందా అని అడగమనండి, ముందే డబ్బు తీసుకుని బయటపడేస్తామనే కంపెనీల బెడద అక్కడా ఉంది.

బయటపడ్డాక చేయాల్సినవి

ట్రాన్స్‌ఫర్ అయినా సరెండర్ అయినా, మెంబర్‌షిప్ నంబర్, తారీఖు, "ఇకపై ఈయనకి ఏ బాధ్యతా లేదు" అనే అర్థం వచ్చే లెటర్ కంపెనీ నుంచి తీసుకోండి, అది రాకుండా పని పూర్తయినట్టు కాదు. బ్యాంక్ యాప్‌లోకి వెళ్ళి వాళ్ళ పేరు మీదున్న ఆటో డెబిట్ మ్యాండేట్ క్యాన్సిల్ చేయండి, క్రెడిట్ కార్డ్ మీద స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఉంటే అదీ. లోన్ ఉన్నవాళ్ళు రెండు నెలలాగి సిబిల్ రిపోర్ట్‌లో అది క్లోజ్ అని చూపిస్తోందో లేదో చూడండి. ప్రమోషన్ ఫోన్లు ఆగడానికి 1909కి డీఎన్‌డీ పెట్టుకోండి. లెటర్ ప్రింట్ తీసి పాత ఫైల్‌లోనే పెట్టండి, వచ్చే ఏడాది పొరపాటున మళ్ళీ ఫీజు బిల్లు వస్తే అదే స్కాన్ చేసి జవాబు పంపేయొచ్చు.